అక్క పొయ్యి, నా సన్నాయి

రాజుపాలెం దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. ఎండలు ముదురుతున్న రోజులు. పందిట్లో పెద్ద పెద్ద కూలర్లు పెట్టి, చల్లదనం బయటికి పోకుండా నాలుగు వైపులా తెరలు దించేశారు. హోమగుండానికి బారెడు దూరంలో మా కుర్చీలు వేశారు. ఏ పెళ్ళిలోనైనా సన్నాయి వాళ్ళ చోటు అదే. పురోహితుడు చెయ్యి ఊపితే మాకు కనపడాలి గదా.

నేను సన్నాయి, మామ డోలు. మామ అంటే మాకు చుట్టరికం లేదు. ఆయన హిందువు, నేను ముస్లిం. ఇరవై ఏళ్ళకు పైగా పక్కపక్కన కూర్చుని వాయించాం కాబట్టి ఆయన నన్ను అల్లుడూ అనేవాడు, నేను మామా అనేవాణ్ణి.

ముహూర్తం వచ్చింది. పురోహితుడు "గట్టిమేళం, గట్టిమేళం" అని కేకేశాడు. తాళి కట్టే ఆ కాసేపు సన్నాయి ఆగకూడదు, సన్నగిల్లకూడదు. నేను కడుపు నిండా గాలి తీసుకోబోయాను. అది సగం దాకా వచ్చి ఆగిపోయింది. నెయ్యి పొగ, సమిధల పొగ ముక్కులోంచి సూటిగా రొమ్ములోకి దిగాయి. ఉన్న సగం ఊపిరితోనే సన్నాయి పీక నోట పెట్టాను. స్వరం పైకి లేచి, వణికి, తెగిపోయింది.

మామ నా వైపు ఒక్కసారి చూశాడు. వెంటనే డోలు మీద రెండు చేతులా విరుచుకుపడ్డాడు. అక్షింతలు వేసే తొక్కిసలాటలో, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసే హడావుడిలో సన్నాయి లేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. ఆ పెళ్ళి వీడియో ఆ ఇంట్లో ఉండే ఉంటుంది. అందులో తాళి కట్టేటప్పుడు డోలు ఒక్కటే వినపడాలి.

భోజనాల వేళకు పందిరి వెనక్కి పోయి గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కడ జనరేటర్ డీజిల్ పొగ. అక్కణ్ణుంచి కూడా జరిగాను. మామ మంచినీళ్ళ సీసా పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏందల్లుడూ, ఏమైంది?"

"ఏం లేదు మామా. పొగ కమ్మింది."

"పొగ ఇయ్యాల కొత్తగా వచ్చిందా? పోయిన మాఘమాసం నుంచి చూస్తన్నా. ఒక పల్లవి ఎత్తుకుంటే మజ్జలో ఊపిరి పీలుస్తన్నావు. నువ్వట్టా పీల్చే మనిషివి కాదు."

నా ఊపిరి ఎక్కడ తెగుతుందో నాకంటే ముందు డోలుకే తెలుస్తుంది. ఇన్నాళ్ళూ తెలిసీ అడగనందుకు ఆయన మీద కాస్త కోపం కూడా వచ్చింది.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెలో దూదేకుల ఇల్లు. మా తాత పరుపుల దూది ఏకేవాడు, ఊళ్ళో రామాలయంలో పొద్దునా సాయంత్రం సన్నాయి వాయించేవాడు. నాన్నకు దూది పని పోయి సన్నాయి మిగిలింది. నాకూ అదే వచ్చింది. తెల్లవారక ముందే నాన్న నన్ను పొలం గట్టు మీదికి తీసుకుపోయి నిలబెట్టేవాడు. గాలిని కడుపులోకి దించుకో, దాచుకో, కొసరి కొసరి ఖర్చు పెట్టు అనేవాడు. మంచు పడుతున్న పత్తి చేలో నిలబడి ఒకే స్వరాన్ని పట్టుకుని ఉండటం, అదే నా చదువు.

అక్కకు పెళ్ళయి మాచర్ల వెళ్ళిపోయింది. అమ్మా నాన్నా పోయారు. పెళ్ళిళ్ళ సీజను అయ్యాక చూద్దాం, చూద్దాం అంటూ ఉండగానే నాకు పెళ్ళి వయసు దాటిపోయింది. ఊళ్ళో పనేమీ లేక నరసరావుపేట చేరాను. బజార్లో ఒక కారం మిల్లు వెనక మేడ మీద గది దొరికింది. పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్ళకు గుర్తు చెప్పడం తేలిక. కారం మిల్లు పైన సన్నాయి ఆయన అంటే ఎవరైనా చూపించేవాళ్ళు. ఆ గదిలో పద్నాలుగు పదిహేనేళ్ళు ఉన్నాను.

మిల్లు ఫ్యాను సరిగ్గా నా కిటికీ కింద తిరిగేది. మిర్చి కోతలు అయిన దగ్గర్నుంచి ఎండాకాలం ముగిసేదాకా మిల్లు ఆగేది కాదు. దుప్పటి దులిపితే ఎర్రగా రాలేది. నీళ్ళ బిందె మీద మూత పెట్టి, మూత మీద గుడ్డ కప్పేవాణ్ణి. కిటికీ తీయడం ఎప్పుడో మానేశాను. పక్కన మురుగు కాలవ ఉంది కాబట్టి దోమలు. చీకటి పడేసరికి దోమల చుట్ట వెలిగించి తలుపు వేసుకునేవాణ్ణి. గురువారం, శుక్రవారం సాంబ్రాణి. అదే గదిలో గ్యాస్ పొయ్యి, తాలింపు. ఇవన్నీ తప్పని నాకు ఎన్నడూ తోచలేదు. అందరూ అట్లాగే ఉన్నారు గదా.

ఆ పెళ్ళి తర్వాత దగ్గు ఎక్కువైంది. మెట్లు ఎక్కితే సగంలో ఆగి, గోడ మీద పోస్టరు చదువుతున్నట్టు నటించేవాణ్ణి. పడుకుంటే రొమ్ములో సన్నగా ఈల వేసేది. మా వీధిలో మందులిచ్చే ఆయన సూదులు వేశాడు, రెండ్రోజులు తగ్గి మళ్ళీ మొదలయ్యేది. ఇంటిగలావిడ తన మనవరాల్ని నా మెట్ల దగ్గర ఆడుకోనివ్వడం మానేసింది. ఒకరోజు కింద నిలబడే అడిగింది.

"అబ్బాయ్, ఏమనుకోమాకు. కళ్ళె పరీక్ష చేయించుకున్నావా?"

"లేదు పిన్నీ."

"చేయించుకో. చిన్న పిల్లలున్న ఇల్లు."

ఆవిడ తప్పేమీ లేదు. ఐనా ఆ రోజు నుంచి నేను పైకి వెళ్ళేటప్పుడు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం, బజార్లో ఎవరైనా పలకరిస్తే రెండడుగులు వెనక్కి నిలబడటం మొదలుపెట్టాను. ఎవరూ దూరం కాకముందే నేనే దూరం జరిగాను.

చివరికి మామే చెయ్యి పట్టుకుని ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నడివయసు ఆవిడ, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కళ్ళె పరీక్షలో క్షయ లేదని తేలాక కుర్చీ దగ్గరికి జరుపుకుని అడగడం మొదలుపెట్టింది.

"బీడీ, సిగరెట్?"

"అలవాటు లేదమ్మా. సన్నాయి వాయిస్తాను. ఊపిరి పోతుందని మా నాన్న ముట్టుకోనియ్యలేదు."

"పడుకునే గది ఎలా ఉంటుంది? కిటికీలు ఉన్నాయా? పక్కన ఏముంది?"

ఏ డాక్టరూ నన్ను గది గురించి అడగలేదు. అన్నీ చెప్పాను. చెబుతూ ఉంటే మామ నా వైపు వింతగా చూశాడు. నా గది ఎట్లా ఉంటుందో ఆయనకూ పూర్తిగా తెలియదు. ఎప్పుడూ కింది నుంచే కేకేసి పిలిచేవాడు.

పక్క గదిలో ఊపిరి పరీక్ష. కంప్యూటరుకు తగిలించిన ఒక గొట్టం. నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి నా ముక్కుకు క్లిప్పు పెట్టి, నిండా పీల్చి ఊదమంది. గొట్టం పెదవుల మధ్య పెట్టుకోగానే నాకు తెలియకుండానే నా పద్ధతిలోకి వెళ్ళిపోయాను. సన్నగా, సమంగా వదలసాగాను.

"అంకుల్, అలా కాదు. ఒక్కసారిగా, గట్టిగా వదిలెయ్యాలి. లోపల ఏమీ మిగల్చొద్దు."

మళ్ళీ ఊదాను. మళ్ళీ కాదంది. "ఊదండి ఊదండి ఊదండి, ఇంకా, ఇంకా" అని ఆ అమ్మాయి తాళం వేసినట్టు అరుస్తోంది. దాచుకోవడం తప్ప పారబోయడం నా ఒంటికి తెలియదు. అయితే అసలు సంగతి వేరు. పారబోద్దామన్నా గాలి బయటికి రావడం లేదు. ఇరుకు సందులో ఎడ్లబండి ఇరుక్కున్నట్టు లోపలే ఉండిపోయింది. కళ్ళు తిరిగి బల్ల పట్టుకున్నాను. మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదించారు. ఈసారి కొంచెం నయమన్నారు.

డాక్టరమ్మ కాగితం మీద వంకర గీత చూపించి చెప్పింది. లోపలి గాలి గొట్టాలు చానా ఏళ్ళుగా వాచి ఇరుకైపోయాయట. ఉబ్బసం. ముందే చూసుకుని ఉంటే పూర్తిగా అదుపులో ఉండేది. ఇప్పుడు మందుతో కొంత తిరిగి వస్తుంది, కొంత రాదు.

"నేను పొగ తాగలేదు గదమ్మా."

"తాగలేదు, పీల్చారు. బయట రోడ్డు మీద దుమ్ము కనపడుతుంది కాబట్టి మనం ముక్కు మూసుకుంటాం. ఇంట్లో గాలి మంచిదనుకుంటాం. మూసిన గదిలో దోమల చుట్ట, సాంబ్రాణి, తాలింపు ఘాటు, ఆ కారం దుమ్ము, అన్నీ అక్కడే తిరుగుతుంటాయి. పెళ్ళిలో హోమం పక్కన కూర్చుంటారు. అందరూ మామూలుగా పీలుస్తారు. మీరు మీ విద్య కోసం అడుగుదాకా పీలుస్తారు."

మామ అడ్డం వచ్చాడు. "అమ్మా, మళ్ళీ వాయిస్తాడా?"

"వాయించొచ్చు. పొగలో మాత్రం కాదు."

పొగ లేని పెళ్ళి ఎక్కడుందని బయటికి వచ్చాక ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుకు నాకు మళ్ళీ దగ్గు వచ్చింది.

పీల్చే మందు మొదలుపెట్టాను. దోమల చుట్ట మానేసి దోమతెర కట్టాను. సాంబ్రాణి మానేశాను. కింద మిల్లు ఆయనకు సంగతి చెబితే మంచిగానే విన్నాడు. "నేను మిల్లు ఆపితే యాడికి పోను తమ్ముడూ" అంటూనే ఫ్యానుకు గోనెపట్టా కట్టించాడు. ఆ దుమ్ముకు గోనె ఒక లెక్క కాదు. కిటికీ తీస్తే కారం, మూస్తే ఉక్క. రోజులో ఎక్కువ భాగం బస్టాండు పక్కన వేపచెట్టు కింద కూర్చుని గడిపేవాణ్ణి. అక్కడ బస్సుల పొగ. ఊళ్ళో మంచి గాలి ఉన్న చోటు కోసం వెతకడం ఒక పనైపోయింది నాకు.

వైశాఖంలో పెళ్ళిళ్ళు ముమ్మరమయ్యాయి. మామ టీ కొట్టు దగ్గరికి రమ్మని కబురు పెట్టాడు. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"సత్తెనపల్లి మేళం వాళ్ళు రమ్మంటన్నారు అల్లుడూ. డోలు లేదంట వాళ్ళకి."

"పో మామా."

"నువ్వు నయమయ్యేదాకానే."

"ఎప్పటికి నయమైద్దో ఎవరు చెప్పగలరు? నువ్వు పో. ఇంటి కాడ తినేవాళ్ళున్నారు."

"వాళ్ళ సన్నాయి కుర్రాడు బానే వాయిస్తాడు గానీ, ఏందో, ఊపిరి ఎక్కడ తీస్తాడో తెలవదు నాకు."

"తెలుస్తదిలే, నాలుగు పెళ్ళిళ్ళు అయితే."

ఆయన లేచి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. నేను మనస్ఫూర్తిగానే పొమ్మన్నాను. గదికి వచ్చాక మాత్రం ఏం చేయాలో తోచలేదు. సన్నాయి గుడ్డ విప్పి, తుడిచి, మళ్ళీ చుట్టి పెట్టాను. ఆ నెలంతా సాయంత్రాలు ఏదో ఒక కల్యాణ మండపం నుంచి మైకులో మేళం వినపడుతూనే ఉండేది. ఒకసారి ఆ డోలు మామదేనని పోల్చుకున్నాను. అన్ని ఇళ్ళూ, అన్ని రోడ్లూ దాటి వచ్చినా ఆ చెయ్యి నాకు తెలుసు. పక్కన వేరే సన్నాయి. మంచం మీద కూర్చుని చివరిదాకా విన్నాను.

మిల్లు సీజను అయ్యేదాకా ఊరు మారమని డాక్టరమ్మ చెప్పింది. మాచర్లలో అక్క ఉంది. ఫోను చేస్తే అరిచినంత పని చేసింది. "ఇన్నాళ్ళూ చెప్పవేందిరా? నేను బతికే ఉన్నా గదా! రేపే బయలుదేరు."

గురజాల మీదుగా బస్సులో వెళ్ళాను. దారంతా సున్నపురాయి లారీలు. వాటి వెనక తెల్లటి దుమ్ము లేచి ఖాళీ చేల మీద, ముళ్ళకంపల మీద పడుతుంటే చూస్తూ, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటు ఆయన నన్ను చూసి కాస్త అవతలికి జరిగాడు.

అక్కది ఊరి చివర చిన్న ఇల్లు. బావ పోయి చానా ఏళ్ళైంది. కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు. ఇంటి ముందు రేకులు దించి, మూడు వైపులా తడికెలు కట్టి, అందులో పొద్దున్నే ఇడ్లీ, దోసెలు అమ్మేది. పనులకు పోయే కూలీలు, లారీల వాళ్ళు వచ్చేవాళ్ళు. కట్టెల పొయ్యి. ఎండిన పత్తి కట్టె, మిరప కట్టె రైతులు ఊరికే ఇస్తారు. గ్యాస్ బండ ఇంట్లో మూలన గుడ్డ కప్పి పెట్టుకుంది. చుట్టాలొచ్చినప్పుడు టీకి.

మొదటి రోజే పొద్దున నన్ను లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరికి వేసింది, పొగ రాకూడదని. నేను పడుకుని వింటున్నాను. పప్పు రుబ్బిన పిండి గిన్నెలో గరిటె చప్పుడు. పెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడు. మధ్యమధ్య అక్క దగ్గు. దగ్గు ఆగాక ఒక సన్నటి ఈల, చివర్లో కాస్త పైకి లేచి ఆగిపోయే ఈల. నా పని స్వరాలు వినడం. ఆ స్వరం నాకు బాగా తెలుసు. నా రొమ్ములో మోగేది అదే. అక్కది నాదానికంటే పొడుగ్గా ఉంది.

లేచి వెళ్ళి అడిగాను. "అక్కా, ఈ దగ్గు ఎప్పటి నుంచి?"

"యా దగ్గు?"

"ఇప్పుడు దగ్గావే, అది."

"ఇది దగ్గేందిరా? పొయ్యి కాడ కూర్చున్న ఆడమనిషి దగ్గకుండా ఎట్టుంటది? అమ్మ దగ్గేది కాదా?"

అవును, అమ్మ దగ్గేది. అమ్మ దగ్గు మాకు గడియారం లాంటిది. అమ్మ దగ్గిందంటే తెల్లారిందని అర్థం. అమ్మ చివర్లో గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. పడుకుంటే ఆయాసం. వయసు మీద పడింది అనుకున్నాం అందరం.

నేను పొలం గట్టు మీద నిలబడి మంచుగాలి గుండెల నిండా తీసుకుంటున్న ఆ వేళకే అక్క వంటింట్లో కూర్చునేది. పదేళ్ళ పిల్ల. పచ్చి కట్టెలు అంటుకోక ఊదుగొట్టంతో ఊదుతూ ఉండేది. ఒకే ఇంట్లో, ఒకే వేళకు, ఇద్దరం ఊదేవాళ్ళం. ఇంటికి వచ్చాక నాన్న నా వాయింపు గురించి మాట్లాడేవాడు. అక్క నాకు గ్లాసు నిండా పాలు ఇచ్చేది, ఊపిరి బలానికని. తనకు ఎవరిచ్చారో నాకు గుర్తు లేదు. ఆ ఆలోచన ఆ రోజు అక్క పొయ్యి ముందు నిలబడినప్పుడే మొదటిసారి వచ్చింది.

డాక్టరు దగ్గరికి రమ్మంటే అక్క వినలేదు. "నీ జబ్బు నాకు అంటగట్టమాకు" అని నవ్వేసింది. చట్నీకి వేరుశెనగలు వేయించుకుంటూ ఊరివాళ్ళ కబుర్లు చెప్పేది. మాట మధ్యలో ఆగి గాలి తీసుకోవడం నేను గమనిస్తుంటే, "ఏందిరా అట్టా చూస్తన్నావ్, దిష్టి తగిలేటట్టు" అనేది.

తొలకరి వాన పడిన మర్నాడు కట్టెలు తడిశాయి. అప్పటికే నలుగురైదుగురు కూలీలు బల్ల మీద కూర్చుని ఉన్నారు. అక్క ఊదుగొట్టం పట్టుకుని ఊదుతోంది. పొగ తప్ప మంట లేదు. ఊది ఊది ఒక్కసారిగా గొట్టం వదిలేసి, రెండు చేతులూ నేల మీద ఆనించి తల వంచేసింది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. మాట రావడం లేదు. నేను పరుగెత్తి ఆమెను పక్కకు జరిపి, ఏం చేస్తున్నానో ఆలోచించకుండా ఊదుగొట్టం నోట పెట్టాను. మంట లేచింది గానీ మిరప కట్టె ఘాటు నా గొంతులోకి దూరింది. నేనూ కూలబడ్డాను. ఇద్దరం పొయ్యికి చెరో పక్కన కూర్చుని దగ్గుతూనే ఉన్నాం.

ఒక కూలీ ఆవిడ మమ్మల్ని ఇద్దరినీ రెక్కలు పట్టుకుని బయటికి లాగి, వాన వెలిసిన గాలిలో అరుగు మీద కూర్చోబెట్టింది. జేబులోంచి మందు తీసి నేను పీల్చి, అక్కకూ పీల్పించాను. ఒకరి మందు ఒకరికి ఇవ్వకూడదని తెలుసు. అప్పుడు మరో దారి కనపడలేదు. కాసేపటికి అక్కకు మాట వచ్చింది. ముందుగా అన్న మాట: "టిఫిను తినకుండానే పోయినారా వాళ్ళు?"

"పోయినారక్కా."

రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. తర్వాత నెమ్మదిగా అంది. "అమ్మ కూడా చివర్లో ఇట్టాగే గదరా ఆయాసపడింది?"

"అవును."

"సరే. పద. ఆ డాక్టరమ్మ కాడికే పోదాం."

నీలం చొక్కా అమ్మాయి అక్క ముక్కుకు క్లిప్పు పెట్టింది. "ఊదండి ఊదండి ఊదండి" అని మొదలుపెట్టింది. అక్క బుగ్గలు పూరించి, కళ్ళు మూసుకుని, పొయ్యి ఊదినట్టే ఊదింది. ఆ అమ్మాయి గొంతు మెల్లగా తగ్గిపోయింది. తెర మీద గీత లేచీ లేవకముందే వాలిపోయింది. మందు పీల్పించాక కూడా పెద్దగా మారలేదు. నేను కిటికీ దగ్గర నిలబడి ఆ గీతను చూస్తున్నాను.

డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇది ఉబ్బసం కాదు. చిన్నప్పటి నుంచి పీల్చిన పొయ్యి పొగకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు, పొగ మానేస్తే.

"బీడీ తాగినోళ్ళకి గదా తల్లీ వచ్చేది? మా ఆయన తాగేవాడు. నేను ముట్టలా."

"పొయ్యి పొగా అదే పని చేస్తుందమ్మా. తడికెల మధ్య కూర్చుని రోజూ పీలిస్తే ఇంకా చేస్తుంది."

అక్క తల ఊపింది. బస్సెక్కాక, "నాకు ముందే తెలిస్తే కూతుళ్ళని ఆ పొయ్యి కాడ కూర్చోబెట్టేదాన్ని కాదు" అంది. దారిలో ఇద్దరికీ ఫోన్లు చేసింది. ఏమే, దగ్గు వస్తందా నీకు, వంట దేని మీద చేస్తన్నావ్ అని అడిగింది. వాళ్ళు గ్యాస్ మీదేనని చెప్పాక కాస్త కుదుటపడింది.

నేను అక్కడున్న రోజుల్లోనే తడికెలు పీకేయించాం. రేకులు మిగిల్చి, మూడు వైపులా బార్లా వదిలేశాం. గ్యాస్ బండ మీది గుడ్డ తీసి బయటికి తెచ్చాం. రెండు మంటల పొయ్యి కొన్నాం. స్నానానికి నీళ్ళు కూడా దాని మీదే. కట్టెల మోపు అక్క పక్కింటి వాళ్ళకు ఇచ్చేస్తానంటే వద్దన్నాను. చివరికి అది పెరట్లోనే నాని పుచ్చిపోయింది.

పొగ పోయింది. దాంతో పాటు కొంత బేరమూ పోయింది. కట్టెల పొయ్యి దోసె రుచి రాలేదని లారీ డ్రైవర్లు కొందరు మెయిన్ రోడ్డు మీద ఇంకో కొట్టుకు మారారు. పాత వాళ్ళు కొద్దిమంది మాత్రం వస్తున్నారు. మధ్యాహ్నానికల్లా అక్కకు పని అయిపోయేది. అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సులు చూసేది. అట్లా ఖాళీగా కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. నా ఎదురుగానే అక్కకు వయసు మీద పడినట్టయింది.

"నరసరావుపేట రా అక్కా. ఇద్దరం ఒకచోట ఉందాం" అన్నాను బయలుదేరే రోజు.

"ఆడకొచ్చి ఏం చేస్తాన్రా? ఈడైతే పొద్దున్నే ఎవరో ఒకరు దోసె అడుగుతారు. నువ్వు ఈడుండు."

నేనూ ఉండలేకపోయాను. అక్క ఇంటి అవతలే నాపరాళ్ళు పాలిష్ చేసే యూనిట్లు. గాలి అటు నుంచి వీస్తే తెల్లటి పొడి వచ్చి నాకు ఆయాసం లేచేది. ఒకరికి పడిన చోటు ఒకరికి పడలేదు. అంతే.

నరసరావుపేటలో కారం మిల్లు గది ఖాళీ చేశాను. కోటప్పకొండ రోడ్డులో, ఊరికి దూరంగా, రెండు కిటికీలున్న గది చూసుకున్నాను. ఒక కిటికీలోంచి పొలాలు, ఇంకో కిటికీలోంచి కొండ కనపడతాయి. పొద్దున తెరిస్తే గాలి అటు నుంచి ఇటు పోతుంది. మందు మానకుండా వాడుతున్నాను. మెట్లు ఆగకుండా ఎక్కగలను. ఐతే ఇక్కడ మెట్లు లేవు. పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్ళూ లేరు. కారం మిల్లు పైన సన్నాయి ఆయన ఎక్కడికి పోయాడో చాలామందికి తెలియదు. ఒకరిద్దరు నేను పోయాననుకున్నారని మామ చెప్పాడు.

మామ ఒక్కసారి వచ్చాడు. సత్తెనపల్లి వాళ్ళతోనే స్థిరపడ్డాడు. కిటికీలు రెండూ చూసి, బాగుంది అల్లుడూ అన్నాడు. కొంచెం వాయించమన్నాడు. ఒక చిన్న కీర్తన అందుకున్నాను. ఆయన డోలు తేలేదు. తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూ, నేను ఊపిరి తీసుకునే ప్రతిచోటా ఎప్పట్లాగే ఒక దెబ్బ ఎక్కువ వేసి నాకు సందు ఇచ్చాడు. కీర్తన సగంలో ఆపేశాను. చాలు, ఆయాసపడమాకు అన్నాడు.

పక్క ఊళ్ళో చిన్న గుళ్ళో శనివారం పొద్దున కాసేపు వాయించమని అడిగారు. తలుపులు తెరిచి ఉంచితే వస్తానన్నాను. ఒప్పుకున్నారు. పూజారి, నేను, ఒకరిద్దరు ముసలివాళ్ళు ఉంటాం. పావుగంట వాయించి నడుచుకుంటూ వచ్చేస్తాను.

సాయంత్రం అక్క ఫోను చేస్తుంది. ఏం తిన్నావని అడగదు. "ఊపిరి ఎట్టుంది?" అని అడుగుతుంది. నేనూ అదే అడుగుతాను. బానే ఉందంటుంది. తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఐనా వెంటనే పెట్టెయ్యం. అవతల అక్క గాలి తీసుకోవడం, వదలడం నాకు వినపడుతుంది. నిన్నటి కంటే పొట్టిగా ఉందా, పొడుగ్గా ఉందా అని వింటాను. ఆమె కూడా నాది వింటోందని అనుకుంటాను.

నిన్న అలా వింటూ ఉండగా అక్క, "గాలొస్తందా మీకాడ?" అంది.

"వస్తంది. మీకు?"

"ఈడా వస్తంది. సరే, ఉంటా మరి."

ఫోను పెట్టేశాక పొలాల వైపు నుంచి వాసన తగిలింది. ఎవరో పత్తి కట్టె కుప్ప తగలబెడుతున్నారు. లేచి అటువైపు కిటికీ మూసి, రెండోది తెరిచి ఉంచాను.